పెనుకొండ ఘాట్లో ఎడమ స్టీరింగు కారు

హిందూపురంలో డ్రైవింగ్ స్కూలు మేడమంటే చాలాకాలం నేనొక్కదాన్నే. ఇప్పుడు రిటైరయ్యాను. అయినా పాత శిష్యులు రోడ్డు మీద కనబడితే కారాపి పలకరిస్తారు. వాళ్ళ పిల్లలకు ఈ మధ్య ఒక పిచ్చి పట్టుకుంది. ఫోనులో పాత అమెరికా మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజను కార్ల వీడియోలు చూసి, "అవ్వా, ఆ పాత పెద్దకారు గొప్పదా, ఇప్పటి చిన్నకారు గొప్పదా?" అని నన్ను నిలదీస్తారు. నన్ను అవ్వా అన్నందుకు ముందు నాలుగు తిడతాను. తరువాత జవాబు చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను, ఎందుకంటే నేను ఆ రెండిట్లోనూ ఒకే మనిషి పక్కన కూర్చున్నాను.

మా నాయన లారీ డ్రైవరు. అమరాపురం దగ్గర మా ఊరు. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. పెళ్ళయ్యాక హిందూపురం వచ్చి, ఆడవాళ్ళకు నేర్పడానికి ఆడమనిషి కావాలని స్కూలు ఓనరు వెతుకుతుంటే చేరిపోయాను. మా ఉద్యోగంలో ఒక సంగతి మీకు తెలియాలి. స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళు కుడివైపు కూర్చుంటారు, మేం ఎడమవైపు. మా కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేక్ ఉంటాయి. అవతలి మనిషి గొర్రెల మంద మీదికి పోతుంటే మేం ఇక్కడినుంచే ఆపేస్తాం. ఆ బ్రేక్ ఉందన్న ధైర్యంతోనే అన్నేళ్ళు నవ్వుతూ పాఠం చెప్పాను.

ఐదారేళ్ళ కిందట ఒక ఆషాఢమాసంలో ఆమె వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలు. వయసు యాభై దాటింది. ఆషాఢంలో బేరాలు తక్కువ కాబట్టి హిందూపురంలో చెల్లెలింటికని చెప్పి రైలెక్కి వచ్చేసింది. కుర్చీలో అంచుకు కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఉపోద్ఘాతం లేకుండా అడిగింది.

"దసరా లోపల నాకు కారు రావల్ల మేడం. వస్తాదా?"

"ఎందుకక్కా అంత తొందర?"

"తోలాల్సిన కారు దసరా మర్నాడు పోతాండాది."

ఆ కారు సంగతి అప్పుడు చెప్పింది. వాళ్ళ మామ ఎప్పుడో బెంగళూరులో కొన్న అమెరికా కారు. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఎడమవైపు స్టీరింగు. మామ తరువాత ఆమె భర్త తప్ప దాన్నెవరూ ముట్టలేదు. ఇప్పుడాయనకు షుగరుతో చూపు పోయింది. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. తాను తోలలేని కారు తన ఇంట్లో ఉండకూడదని, అమ్ముతానని బెంగళూరు ఆసామికి మాట ఇచ్చేశాడట.

"పోనీ అక్కా, కారే కదా" అన్నాను.

ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"పొద్దన లేస్తానే దాని కాడికి పోయి తుడుస్తాడు మేడం. కనపడకపోయినా చేత్తో తడిమి తడిమి తుడుస్తాడు. ఆ పొద్దుకు ఆయన మంచం దిగేది అదొక్కదానికే. అది పోయినాక ఆయన ఎందుకు లెయ్యల్ల?"

ఇంకోమాట కూడా అంది. "నన్ను పెండ్లి చేసుకుని ఆ కారులోనే తెచ్చినాడు. ఆ పొద్దునుంచి వెనక సీటే నాది. ముందర కూర్చుంటే రోడ్డు ఎట్ల కనపడ్తాదో నాకు తెలీదు."

నేను ఆ రోజే ఆమెను కారెక్కించాను.

మా స్కూలుకప్పుడు కొత్త చిన్నకారు వచ్చింది. మన పెనుకొండ పక్క ఫ్యాక్టరీలోనే తయారైంది కాబట్టి మాకు దానిమీద సొంత మేనల్లుడంత మురిపెం. తాళం తిప్పే పనిలేదు, బటను నొక్కితే స్టార్టవుతుంది. స్టీరింగు చిటికెన వేలితో తిరుగుతుంది. వెనక్కి పోతుంటే కీచుకీచుమని హెచ్చరిస్తుంది. ఎత్తులో ఆగి బ్రేక్ మీంచి కాలు తీసినా, మనం ఎక్సిలేటర్ తొక్కేదాకా తానే కాసేపు పట్టుకుంటుంది. పాత కార్ల మీద, ఎత్తులో ఆగిన కారును కదిలించే పాఠం నేర్పడం నా ప్రాణం తోడేసేది. ఈ కారు వచ్చాక ఆ పాఠమే ఎగిరిపోయింది. హాయిగా ఉందనుకున్నాను. ఆ హాయి ఎక్కడ మూతి పగలగొడుతుందో అప్పుడు తెలియదు.

ఆమె నేర్చుకోవడం చూడాల్సిందే. పుట్టింట్లో మగ్గం నేసిన మనిషి, కాలు ఒకటి చేస్తుంటే చెయ్యి ఇంకొకటి చేయడం ఆమెకు కొత్త కాదు. గేర్లు తొందరగా పట్టుకుంది. లేపాక్షి రోడ్డులో, పరిగి రోడ్డులో తిప్పాను. భయం మాత్రం బండెడు. ఎదురుగా బస్సు కనబడితే చాలు, స్టీరింగు వదిలేసి దండం పెట్టేది.

"అక్కా, దండం తరువాత పెట్టొచ్చు, ముందు చేతులు స్టీరింగు మీద పెట్టు" అని నేను, "చేతులు ఖాళీ లేకుంటే స్వామికెట్ల తెలుస్తాది మేడం" అని ఆమె.

మా ఓనరు మిలిటరీలో బండ్లు తోలి వచ్చినవాడు. టీ గ్లాసు పట్టుకుని ఇదంతా చూసి పెదవి విరిచేవాడు. "ఈయమ్మకు లైసెన్సే కష్టం. మళ్ళ ఆ ఎడమ స్టీరింగు దున్నపోతును తోల్తాదా? ఊరికే ఆశ పెట్టొద్దు మేడం." లైసెన్సు మొదటిసారికే వచ్చింది. ఆ సాయంత్రం ఆయన స్కూల్లో కనిపించలేదు.

లైసెన్సు తీసుకుని ఆమె నన్ను ధర్మవరం పిలుచుకుపోయింది. ఆ కారును అప్పుడే చూశాను. ముదురు ఎరుపు. బానెట్ మీద ఒక మనిషి కాళ్ళు చాచుకుని పడుకోవచ్చు. స్టార్ట్ చేస్తే ఇంటి కిటికీలు గలగలమన్నాయి. పక్కన మా స్కూలు కారు పెడితే తల్లి పక్కన పిల్లలా ఉంది. స్టీరింగు నేను తిప్పిచూశాను. భుజాలు పట్టేశాయి. క్లచ్ తొక్కాలంటే సీటులో వెనక్కి ఆనుకోవాలి. బ్రేకు తొక్కితే కాసేపు ఆలోచించుకుని పడుతుంది. నన్నడిగితే, ఇంజను బలం ఒక్కటి పక్కనపెడితే మిగతా అన్నిట్లోనూ చిన్నకారే నయం. నేర్చుకునేవాళ్ళను అది క్షమిస్తుంది, ఇది క్షమించదు.

ఆమె భర్త, ఆ పెద్దాయన, అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భార్య సంగతి చెప్పగానే మొదట నవ్వాడు. లైసెన్సు కార్డు చేతికిస్తే తడిమి చూసి, నవ్వు ఆపేశాడు.

"ఏమే, చెల్లెలింటికని పోయింది దీనికా?"

"దీనికే."

"నా చెయ్యి తప్ప అది ఒప్పుకోదే."

"ఒప్పుకోకపోతే అప్పుడు అమ్ముదురు."

 దానికి ఆయన షరతు పెట్టాడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ఆయుధపూజ నాడు కారును ధర్మవరం నుంచి పెనుకొండ తీసుకుపోయి, ఘాట్ రోడ్డులో కొండెక్కించి, పైన స్వామి గుడి ముందు కొబ్బరికాయ కొట్టాలి. "ఆ పొద్దు నువ్వే కొండెక్కిస్తే కారు ఉంటాది. మధ్యలో దిగినావంటే దసరా మర్నాడు బెంగళూరాయన వస్తాడు, తోలుకుపోతాడు. మళ్ళ నన్ను అడగగూడదు" అన్నాడు.

అప్పటినుంచి వాళ్ళ మల్బరీ తోట దారిలో ప్రాక్టీసు. నా అవస్థ అప్పుడు మొదలైంది. ఆ కారులో ఆమె ఎడమవైపు, నేను కుడివైపు. నా కాళ్ళ దగ్గర బ్రేకు లేదు, ఉత్త రేకు. ఆమె గట్టు మీదికి పోయినప్పుడల్లా నా కాలు ఆ రేకును తొక్కుతూనే ఉండేది. ఇంటికొచ్చేసరికి పిక్కలు నొప్పులు. ఆమె కూడా ఎడమ చేత్తో గేరు వెతికి తలుపు పట్టుకునేది. గేరు కరకరమన్నప్పుడల్లా గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన, "నా కారు ఏడుస్తాండాది, ఇనపడ్తాందా?" అని అరిచేవాడు. "మీరు అరిస్తే నేనూ ఏడుస్తా" అని ఈమె.

ఎడమ స్టీరింగుతో ఇంకో చిక్కుంది. మన రోడ్ల మీద ముందు లారీని దాటాలంటే అవతల ఏం వస్తోందో డ్రైవరుకు కనబడదు. కుడివైపు కూర్చున్నవాళ్ళే చూసి చెప్పాలి. పెద్దాయన పక్కన ఎప్పుడూ పెద్దకొడుకు కూర్చుని చెప్పేవాడట. ఇప్పుడు ఆ పని నాది. 'పో' అంటే పోవాలి, 'ఉండు' అంటే ఉండాలి, ఈ రెండు మాటలు తప్ప దారిలో ఇంకేం మాట్లాడకూడదని ఒప్పందం చేసుకున్నాం. ఆడవాళ్ళిద్దరం దానికి ఎంత కష్టపడ్డామో మీరు ఊహించుకోండి.

ఆయుధపూజ వచ్చింది. పొద్దున్నే కారును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. స్కూలు కారుకు ఏటా పూలదండలు కట్టేది నేనే, నా చేతికి అందులో పేరు. ఈ మహారాణికి తక్కువ చేస్తానా? బంతిపూలు, చామంతులు లావు లావు దండలు తెప్పించి, ముందు జాలీ మొత్తం ఒక్క సందు లేకుండా కట్టేశాను. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నాడు. ఆయన జీవితంలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. పెద్దకొడుకు మా స్కూలు కారు తోలుకుంటూ వెనక వచ్చాడు. డిక్కీలో లాగే తాడు కూడా పెట్టుకున్నాడు. అంత నమ్మకం తల్లి మీద.

రోడ్డు మీద ఆమె బాగా నడిపింది. నేను పో అన్నప్పుడు పోయింది, ఉండు అన్నప్పుడు ఉండింది. ఒక్కొక్క లారీని దాటినప్పుడు ఆ ఇంజను గర్జన వింటుంటే నాకే గర్వంగా అనిపించింది. చిన్నకారుకు ఇది రాదు, ఒప్పుకోవాలి. పెనుకొండ చేరి, ఘాట్ రోడ్డు మొదలైంది. ఒక మలుపు, ఇంకో మలుపు. అప్పుడు వెనకనుంచి పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు.

"వాసన వస్తాండాది. ముల్లు యాడుండాది చూడు."

చూస్తే వేడి చూపించే ముల్లు చివరికి పోయి ఉంది. బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేస్తోంది. ఆమె ఎత్తులోనే పక్కకు తీసి ఆపింది. పెద్దాయన దిగి, చెయ్యి ఆనించుకుంటూ కారు ముందుకొచ్చి, జాలీ తడిమాడు. చేతికి పూలు తగిలాయి. ఇంకాస్త తడిమాడు. అన్నీ పూలే.

"ఎవరబ్బా దీని నోరు కట్టేసింది?"

నేనేనని చెప్పాను. మా చిన్నకారు కింద సందులోంచి గాలి పీల్చుకుంటుంది, పైన ఎన్ని దండలు కట్టినా దానికేం కాదు. ఇది నోరంతా తెరిచి పీల్చాలి. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఆ తేడా తట్టలేదు. ఆయన తిట్టలేదు. దండలన్నీ తెంపించి, చల్లారేదాకా మూత తెరవనివ్వకుండా కూర్చోబెట్టి, తరువాత నీళ్ళు పోయించాడు. పూజకు తెచ్చిన కలశం నీళ్ళు కూడా రేడియేటర్‌లోకే పోయాయి.

అసలు కష్టం అప్పుడొచ్చింది. కారు ఎత్తు మీద ఆగి ఉంది. హ్యాండ్‌బ్రేకు పేరుకే ఉంది. వెనక చక్రాలకు కొడుకు రాళ్ళు పెట్టాడు. మేం ముగ్గురం మళ్ళీ ఎక్కాం. ఆమె స్టార్ట్ చేసి, బ్రేక్ మీంచి కాలు తీసి, క్లచ్ ఒక్కసారిగా వదిలింది. కారు ఒక గంతు వేసి, ఆగిపోయి, వెనక్కి జారింది. రాయి పక్కకు ఎగిరిపోయింది. నేను నా శక్తికొద్దీ రేకును తొక్కుతున్నాను. ఆమె అసలు బ్రేకు తొక్కింది కాబట్టి బతికిపోయాం. వెనక లోయవైపు పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు.

ఎత్తులో కాలు తీస్తే కారే పట్టుకుంటుందని ఆమెకు అలవాటు. ఆ అలవాటు చేసింది చిన్నకారు, చేయనిచ్చింది నేను. తోటదారి బల్లపరుపు, అక్కడా ఈ ముచ్చట బయటపడలేదు. 

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, దిగు. చాలు ఇంక. తాడు కట్టి దించుకుందాం."

"దిగను."

"నాయనా, నువ్వన్నా చెప్పు!"

పెద్దాయన వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. దిగమని ఒక్కమాట అంటే ఆయన పంతమే నెగ్గుతుంది, కారు బెంగళూరు పోతుంది. నేను అద్దంలో ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన ముందు సీటు పట్టుకుని, భార్య చెవి దగ్గరకు వంగాడు.

"నీ కారు వెనక్కి తీసి పక్కన పెట్టుపో" అని కొడుకుతో అన్నాడు. "మిగిలిన రాయి కూడా తియ్యి. రాయి ఉండాదనే ధైర్యంతోనే మీ అమ్మ క్లచ్ ఎగరేసింది." తరువాత నాతో, "టీచరమ్మా, తప్పుగా అనుకోవద్దు. కొంచేపు మాట్లాడాకండి."

నేను నోరు మూసుకున్నాను. రేకు మీంచి కాలు కూడా తీశాను.

"ఏమే, బ్రేక్ వదలాకు. స్టార్ట్ చెయ్యి. ఇప్పుడు క్లచ్ మెల్లగ లెయ్యనీ. మెల్లగ. ఇంజను శబ్దం ఇను. ఇంటాండావా?"

"ఇంటాండా."

"ఇప్పుడు ఎట్లుండాది?"

"గుర్రుమంటాండాది."

"ఇంకా లేపు. శబ్దం గొంతు దించుతాది, అప్పుడు చెప్పు."

నాకూ వినబడింది. అంత గర్జన ఒక్కసారిగా బరువెక్కి, కిందికి దిగింది. కారు ముక్కు కొంచెం లేచింది.

"దించింది! దించిందండీ!"

"ఇప్పుడు అది నీ చేతిలో ఉండాది. యాడికీ పోదు. బ్రేక్ వదిలి ఎక్సిలేటర్ తొక్కు."

ఆమె కాలు తీసింది. కారు ఒక్క వేలు కూడా వెనక్కి జారలేదు. అక్కడే నిలబడి, ఒకసారి ఒళ్ళు విదిలించి, ముందుకు కదిలింది. ఆమె గట్టిగా అరిచింది. నేనూ అరిచాను. మలుపులో ఎదురొచ్చిన ఆటోవాడు భయపడి అంచుకు తీసి ఆపేశాడు. మిగతా మలుపుల్లో ఆమె ఒక్కదాన్లోనూ ఆగకుండా, పెద్దాయన వెనకనుంచి "అట్లే, అట్లే" అంటుంటే, ఆ ఎర్రకారును గుడి ముందుకు తెచ్చి నిలబెట్టింది. చేతులు స్టీరింగు మీదనుంచి తీయడానికి రాలేదు. నేనే ఒక్కొక్క వేలు విడదీశాను. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, నా కళ్ళూ సరిగా లేవు.

కొబ్బరికాయ ఆమే కొట్టింది. పెద్దాయన బానెట్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తరువాత కొడుకును ఫోన్ కలపమని, బెంగళూరు ఆసామితో మాట్లాడాడు.

"స్వామీ, కారు అమ్మడంలేదు. ఏమీ అనుకోవద్దండి... లేదు లేదు, ధర చాలక కాదు. మా ఇంట్లో డ్రైవరు ఉండాది."

ఆ మాటతో ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పెద్దకొడుకు డిక్కీలో తాడు కనబడకుండా పట్టాకింద తోసేశాడు.

దిగేటప్పుడు పెద్దాయన నన్ను ఆపాడు. "టీచరమ్మా, మీరు చిన్నకారులో రాండి. ఈ పక్క నేను కూర్చుంటా." నేను ఆమెవైపు చూశాను. రోడ్డు చూసి చెప్పేవాళ్ళు లేకుండా ఎట్లా అని అడగబోతే ఆమే అందుకుంది. "దాటుకుంటేనే గదా మేడం చూసేది? నేను ఎవరినీ దాటను. కుడిపక్కకు తిరగాలంటే చెప్తా, ఆయన చెయ్యి బయట పెడ్తాడు."

అలా ధర్మవరం దాకా వచ్చాం. ముందు ఎర్రకారు, వెనక చిన్నకారు స్టీరింగు దగ్గర నేను, నా పక్కన ఆ కొడుకు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఆమె ఎవరినీ దాటలేదు. కుడివైపు కిటికీలోంచి పెద్దాయన తెల్లచొక్కా చెయ్యి బయటికొచ్చి, వెనకాల వచ్చేవాళ్ళను పొండి పొండి అని దర్జాగా ఊపుతూనే ఉంది.

కొడుకు విసుగుపడ్డాడు. "మేడం, రోడ్డు ఖాళీగా ఉండాది. నాయన పొమ్మంటాండాడు గదా, దాటేయండి."

"ఇంత మంచి డ్రైవరును నేను దాటను. నీకు తొందరుంటే దిగి బస్సెక్కు నాయనా" అన్నాను.